ఐర్లాండు ఉర్లగడ్డలు

విత్తనం శనక్కాయలు ఒలిచే ఆడవాళ్ల నోళ్లు ఊరికే ఉండకూడదని మా అత్త అనేది. ఊరికే ఉంటే పప్పంతా అందులోకే పోతుందని ఆమె దిగులు. అందుకని పాటలు పాడించేది. పాడే నోరు నమలలేదు కదా. నాకు పాట రాదు. గొంతెత్తితే నాకే భయమేస్తుంది. పెత్తనం నా చేతికొచ్చాక పాటలు మానిపించి, చదివి వినిపించడం పెట్టాను. కథలో పడితే చేతులు వాటంతటవే ఒలుస్తాయి. నోళ్లు తెరుచుకుంటాయి కానీ నమలవు.

ఆ ఎండాకాలం మా కొట్టంలో చదివింది ఐర్లాండు దేశం కథ.

నేను బడికి పోయినదాన్ని కాదు. ఎరువు సంచుల మీదా, బస్సుల నొసటా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. పంక్తి కింద వేలు పెట్టి, తడుముకుంటూ చదువుతాను. ఆ పుస్తకం నాకు జోయల్ తెచ్చిచ్చాడు. జోయల్ మా చౌడమ్మ కొడుకు. బెంగళూరులో టైల్స్ పని చేస్తాడు. ఏటా ఈస్టరుకు వచ్చి, చేలో విత్తనం పడ్డాక తిరిగి పోతాడు.

"పెద్దమ్మా, ఫుట్‌పాత్ మీద కిలో లెక్కన అమ్ముతాండ్రి. అట్ట ల్యాకపోతే ల్యాకపాయ, లోపల అచ్చు పెద్దగా ఉండాది. నీ కండ్లకు బాగుంటాదని తెచ్చినా," అన్నాడు.

అట్టే కాదు, ముందు కాగితాలూ లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలియదు. మొదలే ఒక చట్టంతో మొదలైంది. ఐర్లాండును ఇంగ్లండు ఏలుతున్న రోజుల్లో కాథలిక్కు మతస్తుడికి మంచి గుర్రం ఉండకూడదట. ఉంటే, దారిన పోయే ప్రొటెస్టెంటు ఎవరైనా సర్కారు చెప్పిన కొద్దిపాటి దుడ్డు వాడి చేతిలో పెట్టి ఆ గుర్రాన్ని తోలుకుపోవచ్చట.

"అమ్మేది ల్యాదంటే?" అంది నల్లమ్మ. మా ఎదురింటావిడ. ఏది చదివినా మధ్యలో ఆమె మాట ఉండాల్సిందే.

"అనేదానికి లేదు. చట్టం."

"మా ఎద్దుల మింద ఎవుడన్నా అట్ల చెయ్యేస్తే, పారతో ఆ చేతిని…" అని ఆగి, "యాడుండాది ఆ దేశం?" అని అడిగింది.

"ఇంగ్లండు పక్కనే. మధ్యలో ఇంత సముద్రం."

"పక్కనుంటే అంతే. దూరమున్న మనల్నే వదల్లేదు."

చౌడమ్మ నా పక్కన కూర్చుని ఒలుస్తోంది. కొత్తకోడళ్లుగా ఉన్నప్పటి నుంచి మేమిద్దరం ఒకే గొర్రు వెనక విత్తనం పోస్తున్నాం. గొర్రుకు వెనక గొట్టాలు ఉంటాయి. ఎద్దులు నడుస్తుంటే వెంట నడుస్తూ వాటిలో గింజలు వదలాలి. ఒకరి చెయ్యి తొందరపడి, ఇంకొకరిది వెనకబడితే చేనంతా గుంపులు గుంపులుగా మొలుస్తుంది. మా ఇద్దరి చేతులూ ఒక చేతి లెక్క నడుస్తాయని ఊళ్లో అందరూ అంటారు. ఆమెకు చర్చిలో మార్తమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పాస్టరుకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

"అక్కా, ఒగటి సెప్పు. ఇద్దరూ ఏసుప్రభువునే మొక్కుతారంటివి. మల్ల కొట్లాట దేనికి?" అని అడిగింది నల్లమ్మ.

నాకు తెలియదు. పుస్తకంలో అది ముందు చిరిగిపోయిన కాగితాల్లో ఉందేమో.

చౌడమ్మే చెప్పింది. "మా వాడలో మూడు సంఘాలుండాయి. ఒకరి పెండ్లిలో ఒకరు తినరు. దేవుడు ఒకడైతే కొట్లాట ఉండదని ఎవురు సెప్పినారే నీకు?"

కొట్టమంతా నవ్వింది. అందరి ఒళ్లోనూ పప్పు కదిలింది.

కథ ముందుకు పోయింది. ఉత్తరాన బెల్‌ఫాస్టు అనే పట్నంలో కొందరు ప్రొటెస్టెంట్లు కూడి, మనల్నీ కాథలిక్కుల్నీ విడదీసి ఉంచినంత కాలం ఇంగ్లండుకు ఎదురుండదని తెలుసుకున్నారు. రెండు మతాలవాళ్లూ చేరేట్టు ఒక సంఘం పెట్టారు. మతమేదైనా మనమంతా అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్నారు. పోను పోను రాజే వద్దన్నారు. గణతంత్రం కావాలన్నారు.

"అంటే జెండా పండగా?" అన్నారెవరో.

"రాజు ల్యాకుండా, ఊరోళ్లే ఏలుకునేది."

"పాపం," అంది నల్లమ్మ, "వాళ్లకు మన సర్పంచు తెల్దు గదా."

ఆటో నిలిపి లోపలికొచ్చిన నా కొడుకు సురేంద్ర గుమ్మంలో నిలబడి ఇదంతా విని, "మీ ఐర్లాండు పుణ్యాన ఈ యేడు ఇత్తనం మిగిలేటట్టుండాది," అన్నాడు. చౌడమ్మ పిడికెడు పొట్టు తీసి వాడి కాళ్ల మీద చల్లింది. "నీకేం తెల్సు పోరా, రాజుగారు," అంది. వాడు ఆమెను చిన్నమ్మా అని పిలుస్తాడు. పిలిచేవాడు.

అది ఇంకా ఏమీ జరగని రోజు.

మా ఊరి గుట్ట మీద ఒక బండ ఉంది. గుడ్ ఫ్రైడేకి చర్చి వాడవాళ్లు ఆ బండకు సున్నంతో సిలువ వేస్తారు. దానికి ఇవతల, కొంచెం కిందుగా మావాళ్ల ఆంజనేయస్వామి గుడి. ఇన్నేళ్లూ ఎవరి మెట్లు వాళ్లెక్కారు, దిగారు. ఆ ఎండాకాలం ఒకరోజు తెల్లారేసరికి సిలువ మీద ఎవరో తారు పూశారు. ఆ సాయంత్రానికే గుడి మీది జెండా చినిగి ఉంది. అది ఎవరి పనో, ఇది ఎవరి పనో ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడినవాళ్లు మాత్రం చాలామంది.

ఆదివారం రోడ్డు మలుపు దగ్గర కుర్రవాళ్లు తగులుకున్నారు. రాళ్లు లేచాయి. ఒక రాయి వచ్చి సురేంద్ర ఆటో ముందద్దం మీద పడింది. పోలీసులు వచ్చి జోయల్‌నూ ఇంకో ఇద్దరినీ తీసుకుపోయారు. జోయల్ విసరడం చూశానని చెప్పింది నా కొడుకే.

అన్నం పెడుతూ అడిగాను.

"నువ్వు సూసినావా నాయనా, వాడు ఇసిరింది?"

"ముందర నిలబడింది వాడే గదా."

"నిలబడింది సూసినావు. ఇసిరింది సూసినావా?"

"అమా, పగిలింది నా ఆటో. నువ్వు ఊరకుండు."

కోడలు లక్ష్మీదేవి మా ఇద్దరి మధ్యా మజ్జిగ చెంబు పెట్టి పక్కకు పోయింది. సురేంద్ర కలిపిన ముద్ద అట్లే వదిలి లేచాడు.

గుడి కమిటీలో పెద్దగా తిరిగే ఓబుళేసు ఇంటింటికీ వచ్చి చెప్పిపోయాడు. ఈ ఏడు చర్చి వాడవాళ్లను పనికి పిలవకూడదు. వాళ్ల చేలకు మన ఎద్దులు, మన ట్రాక్టర్లు పోకూడదు. అవతల వాడలో పెద్దలు కూడా, మా కొట్టాల వైపు ఎవరూ అడుగు పెట్టకూడదని చెప్పుకున్నారట. మరునాడు మా కొట్టంలో నేనూ, కోడలూ, నల్లమ్మా మిగిలాం. నేను పుస్తకం తెరిచాను. అక్కడా అదే. తెల్లవారకముందే వచ్చి కాథలిక్కుల తలుపులు పగలగొట్టి, మగ్గాలు విరిచి, ఊరొదిలి పొమ్మని కాగితం అంటించి పోతున్నారు ప్రొటెస్టెంటు గుంపులు. కాథలిక్కులూ గుంపులు కట్టారు. దొరలకు ఈ గొడవ తియ్యగా ఉంది.

"ఈ పొద్దుకు సాల్లేక్కా," అంది నల్లమ్మ. నేను మూసేశాను. ఆ రోజు పప్పు తిన్నారు. నేనేమీ అనలేదు.

చౌడమ్మను చూడక నాకు నిద్ర పట్టలేదు. నాకు భయాలెక్కువ. తలుపు గడియ రెండోసారి చూసుకోకుండా పడుకోలేని మనిషిని. ఒక మధ్యాహ్నం, ఎండకు ఊరంతా తలుపులేసుకున్న వేళ, పుస్తకం తువాలులో చుట్టుకుని వాళ్ల వాడకు పోయాను. ఆమె గడప మీద కూర్చుని ఒంటరిగా తన చేను విత్తనం ఒలుచుకుంటోంది.

"యాలొచ్చినావక్కా. నీ కొడుకు సూస్తే బాగుండదు."

"సూడనీ."

"కాళ్లు వణుకుతాండాయి నీకు."

"ఎండలో నడిచినందుకు."

"భయానికి. నాకు తెల్దా." జరిగి చోటిచ్చింది. నీళ్లిచ్చింది. నేను చేటలో చెయ్యి పెట్టి ఆమెతో పాటు ఒలవడం మొదలుపెట్టాను.

"జోయల్‌ను సూసినావా?"

"నిన్న పోయింటి. కంబీల అవతల నిలబడి నవ్వుతాండాడు, నేను ఏడుస్తానని. బెయిలు ఇంగా టైం పడ్తాదంట." పొట్టు ఊది, పప్పు వేరు చేసింది. "ఇత్తనం ఒలుస్తాండా గానీ అక్కా, ఈ యేడు నా సేను బీడే. మొగదిక్కు లోపలుండె. ఎద్దులు ఎవురూ తోలరు. వాడు బయటికొస్తానే వాని వెంబడి నేనూ బెంగుళూరికి పోతా."

"ఎప్పుడొస్తావు మల్ల?"

"రాను. సేను పడితే ఉంటా. సేను పడకపాయనా, ఈడ నాకేముండాది? నన్ను సూసి మొగం తిప్పుకునేటోళ్లు ఉండారు. అంతే గదా."

నా బతుకులో పోయినవాళ్లంతా తిరిగి రామని చెప్పకుండానే బస్సెక్కి పోయారు. ముందుగా చెప్పినది ఈమె ఒక్కతే. చెప్పకుండా పోవడమే నయమనిపించింది. పుస్తకం విప్పాను.

"యాడికొచ్చింది కత?" అని అడిగింది.

అక్కడ నాకు మంచి పేజీ దొరికింది. సంఘంలో చేరాడని సర్కారు ఎవరినైనా పట్టుకుపోయి జైల్లో వేస్తే, వాడి పంట చేలోనే మిగిలిపోతుంది కదా. ఆ యేడు ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, తవ్వే కాలానికి చుట్టుపక్కల ఊళ్ల జనం, కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ, పారలు భుజాన వేసుకుని వాడి చేలోకి వచ్చారు. వచ్చి, పొద్దు నడినెత్తికి రాకముందే చేనంతా తవ్వి, గడ్డలు ఇంటికి చేర్చి పోయారు. ఒక్క ఊళ్లో కాదు, చాలా ఊళ్లలో. ఉర్లగడ్డలు తవ్వేందుకు అంతమంది కూడుతున్నారని సర్కారు భయపడి సిపాయిల్ని పంపింది.

"ఉర్లగడ్డలకా?" అంది చౌడమ్మ.

"ఉర్లగడ్డలకే."

"ఆ జైల్లో వానికి సెప్పింటారా, నీ గడ్డలు ఇల్లు సేరినాయని?"

"సెప్పింటారు."

ఆమె ముఖం తిప్పుకుని ఇంటి కప్పు వైపు చూసింది. తరవాత, "సదువు," అంది.

తరవాతి కాగితాలు నేను అంతకుముందే ఇంట్లో చూసుకున్నాను. అవి ఆమెకు చదవాలని నాకు లేదు. అందుకే, ఆ తరవాత రెండు మతాలవాళ్లూ కలిసి సిపాయిల్ని తరిమారనీ, రాజు దిగిపోయాడనీ, ఎవరి ఊళ్లలో వాళ్లు చల్లగా ఉన్నారనీ చదువుతూ పోయాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

"ఆగక్కా."

"ఏమి?"

"నీ యేలు కదల్లేదు."

నేను చూసుకున్నాను. వేలు పేజీ పైన, మొదటి పంక్తి కిందే ఉంది.

"నోరు మాత్రం పోతాండాది. అచ్చరాలు ల్యాని సోట ఏం సదువుతాండావు నువ్వు? నాకు సదువు రాదు గానీ, నీ యేలు నలభై ఏండ్లుగా సూస్తాండా. ఉన్నది సదువు."

చదివాను. వేలు ఒక్కొక్క అక్షరం దాటించుకుంటూ చదివాను. వాళ్లు లేచారు. ఓడిపోయారు. ఉత్తరాన లేచిన ప్రొటెస్టెంట్లను వాళ్ల ఊళ్లలోనే ఉరి తీశారు. దక్షిణాన తిరగబడినవాళ్లలో కొందరు, పారిపోయి వచ్చినవాళ్లు చెప్పిన మాటలకు ఒళ్లు మండి, చేతికి చిక్కినవాళ్లను ఒక ధాన్యం కొట్టంలో వేసి నిప్పు పెట్టారు. అందులో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, కొందరు కాథలిక్కులు కూడా. మిగిలినవాళ్లు ఓడలెక్కారు. ఒట్టు పెట్టుకున్న ఊళ్లలోనే మళ్లీ ఒకరినొకరు నమ్మడం మానేశారు.

చదివి వేలు తీశాను. చెమటకు కాగితం తడిసింది.

చౌడమ్మ ఒలిచే చెయ్యి ఆపింది. "కొట్టంలో ఏసినారా," అంది. "మనోళ్లు అనుకుంటిమే."

"అందుకే సదవలేదు."

"ఓడిపోయినారు."

"ఓడిపోయినారు చౌడమ్మా."

"అయితే ఆ ఉర్లగడ్డలు ఏమైనాయి?"

"ఏ ఉర్లగడ్డలు?"

"అందరూ కూడి తవ్వినారు గదా. రాజు పోయినాడో ల్యాదో, ఆ యేడు ఆ ఇంటోళ్లు తిన్యారా ల్యాదా?"

పుస్తకంలో అది లేదు. "తినింటారు," అన్నాను.

"అద్సరే," అని చేట దగ్గరికి లాక్కుంది.

ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం వాన పడింది. మా నేలకు వాన అంటే అదే, ఒకసారి. పదును ఆరేలోగా గింజ లోపల పడాలి. ఆరిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. తెల్లారి ఊరంతా చేలల్లో ఉంది. మా చేను మొదటిరోజే పడింది. నాతో పాటు కోడలు పోసింది. ఆమెది తొందర చెయ్యి. నేను పదే పదే వెనక్కి చూసుకున్నాను.

ఇంటికొచ్చాక ఎద్దులకు నీళ్లు పెడుతున్న సురేంద్ర దగ్గర నిలబడ్డాను.

"రేపు గొర్రు చౌడమ్మ సేనికి తోలు నాయనా."

"కమిటీలో మాటిచ్చినా."

"పదును పోతాది."

"నాకు తెల్దా పదును పోతాదని?" గట్టిగానే అన్నాడు. ఎద్దు తల ఎత్తింది. "నేను తోల్తే ఓబుళేసన్న ఊళ్లో నన్ను నిలవనిస్తాడా? ఆటో ఎవురెక్కుతారు? పోనీ, వాళ్లు నా మొగం సూస్తారా? వాళ్ల పిల్లోన్ని పట్టిచ్చింది నేనంటాండారు గదా."

"నువ్వే గదా."

వాడు బకెట్టు కింద పెట్టాడు.

తెల్లవారుతుండగా లేచాను. నేను వెతుక్కోకముందే విత్తేటప్పుడు గింజలకు నడుముకు కట్టుకునే నా వడిగుడ్డ మడిచి పొయ్యి గట్టు మీద పెట్టి ఉంది. కోడలు పొయ్యి ఊదుతోంది. నా వైపు చూడలేదు. గొర్రు లేదు, ఎద్దులు లేవు. మూలనున్న చిన్న పార తీసుకుని చౌడమ్మ చేనికి పోయాను.

ఆమె అప్పటికే అక్కడుంది. ఆమె చేతిలోనూ పారే. మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని, ఆ ఎర్రచేను చూశాం. రెండు పారలతో ఆ చేను వేస్తే, మేం అవతలి గట్టు చేరేసరికి ఇవతలి గట్టు దగ్గర కాయలు ఊరతాయి.

"పిచ్చి పట్టిందక్కా మనకు," అంది.

"పట్టనీ."

ఆమె తవ్వుతూ, నేను గింజ వేసి మట్టి తొక్కుతూ మొదలుపెట్టాం. కొంత అయ్యాక నేను తవ్వాను, ఆమె వేసింది. నడుములు నొప్పెట్టాయి. పార భుజాన వేసుకుని దారిన పోతున్న నల్లమ్మ గట్టు మీద నిలబడి కాసేపు చూసింది.

"ఏమ్మే ముసలోళ్లారా, ఐర్లాండు ఇదేనా?"

"పోవే నీ పని సూసుకో. కమిటీ సూస్తాది," అన్నాను.

"మా ఆయన సూస్తే కమిటీ సూసినట్టే," అంటూ కొంగు బిగించి చేలోకి దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి, ఏమీ అనకుండా ముందుకు పోయారు. అందులో ఒకామె వెనక్కి తిరిగి చూస్తూ పోయింది.

ఎండ వాడిగా మారుతున్నప్పుడు ఎద్దుల మెడగంటలు వినిపించాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. తల ఎత్తడానికి భయమై, గింజలు వేస్తూనే ఉన్నాను. గొర్రు గట్టు దాటి చేలోకి దిగింది. సురేంద్ర ఎద్దులను నిలిపి, మూడు పారలనూ, మేం వేసిన నాలుగు మూరల సాళ్లనూ చూశాడు.

"ఇది ఇత్తడమా, పిల్లోళ్ల ఆటా?" అన్నాడు.

చౌడమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

చేలో గొర్రు దింపేముందు మేం దానికి పసుపు రాసి బొట్టు పెడతాం. వాడు అలవాటుగా కుంకుమ పొట్లం విప్పాడు. వేలు ముంచాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అది ఎవరి చేనో. వేలు ఎర్రగా, గాలిలో ఆగిపోయింది.

"పెట్టప్పా," అంది చౌడమ్మ. "గొర్రు మీది, సేను నాది. గొర్రుకు నీ పద్ధతి చెయ్యి. సేనికి నా ప్రార్థన నేను చేసుకుంటా." కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. వాడు బొట్టు పెట్టి, ఆమె ఆమెన్ అనేదాకా నిలబడి, ఎద్దులను అదిలించాడు.

మేమిద్దరం గొర్రు వెనక మా చోట్లలోకి పోయాం. నల్లమ్మ మా వడిలోకి గింజలు అందిస్తూ వచ్చింది. మూడో సాలు తిరుగుతుంటే ఓబుళేసు మోటరు సైకిలు గట్టు పక్కన ఆగింది.

"ఏమప్పా సురేంద్రా, యాడ తోల్తాండావు?"

నా చెయ్యి ఆగిపోయింది. చౌడమ్మ మోచేత్తో పొడిచింది. గింజలు వదిలాను.

సురేంద్ర గొర్రు మేడి వదల్లేదు. "మా యమ్మ పొద్దున్నుంచి పారతో తవ్వుతాండాదన్నా. ముసల్ది. పడి నడుమిరిగితే ఆస్పత్రికి నువ్వు తీస్కపోతావా?"

"మీ యమ్మకు ఈడేం పని?"

"అది నువ్వే అడుగు. నా మాట ఇనదు."

ఓబుళేసు నన్ను చూశాడు. "పదును పోతాదప్పా," అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

అతను కొంచెంసేపు నిలబడి, "సాయంత్రం గుడి కాడికి రా, మాట్లాడేదుండాది," అని సురేంద్రతో చెప్పి పోయాడు. సురేంద్ర ముఖం నాకు కనపడలేదు. వీపు మాత్రం కనిపించింది. చొక్కా అంతా తడిసి అంటుకుపోయింది. ఆ సాలు వాడికి వంకర పోయింది.

పొద్దు వాలేసరికి చేను పడింది. ఎద్దులను విప్పుతూ, మమ్మల్ని చూడకుండా, "నీళ్లుంటే ఇయ్యి చిన్నమ్మా," అన్నాడు. ఆమె తన చెంబు అందించింది. చాలా రోజుల తరవాత ఆ పిలుపు విని, నేను వడిగుడ్డలో మిగిలిన గింజలు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఆ సాయంత్రం గుడి దగ్గర ఏం మాట్లాడుకున్నారో వాడు చెప్పలేదు. కమిటీలోంచి వాడి పేరు తీసేశారని నల్లమ్మ చెప్పింది. కొన్నాళ్లు వాడి ఆటో ఖాళీగా తిరిగింది. ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. వచ్చాక నేను అడగలేదు. రాయి ఎవరు వేసిందీ తాను చూడలేదని పోలీసు స్టేషనులో చెప్పి వచ్చాడని, పొట్టు చెరుగుతూ కోడలు నా చెవిలో వేసింది.

గింజ మొలిచాక జోయల్ బెయిలు మీద వచ్చాడు. నేనూ చౌడమ్మా గట్టు మీద కూర్చుని నెమళ్లను తోలుతున్నాం. మొలక మీద వాటి కన్ను పడితే సాలు సాలే పోతుంది. వాడు దారిలోంచే చేను చూసి ఆగాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. రోడ్డు వైపు నుంచి గుట్ట వైపు దాకా, చేనంతా కళ్లతో నడిచాడు.

"గొర్రు ఎవురు పట్టినారు?"

"సురేంద్ర," అంది వాళ్లమ్మ.

వాడు దవడ బిగించాడు. ఎంతోసేపటికి, "ఆ మూడో సాలు వంకర పోయింది," అన్నాడు. చేలోకి దిగి, ఆ సాలులో మొలక రాని చోట వంగి, గింజ పెట్టడానికి వేలితో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

ఇంటికి రాగానే సురేంద్ర అడిగాడు. "వచ్చినాడంట గదా. ఏమన్న్యాడు?"

"మూడో సాలు వంకర పోయిందన్న్యాడు."

"వాడు పట్టినప్పుడు సూసినాం లే, పామేసినట్టు," అని కడుక్కుంటున్న ముఖం మీద ఇంకా నీళ్లు చల్లుకున్నాడు. చాలాసేపు చల్లుకున్నాడు.

పనికి పిలుపు వచ్చి జోయల్ బెంగళూరు బయలుదేరిన రోజు, సోమందేపల్లె హైవే దాకా సురేంద్రే ఆటోలో తీసుకుపోయాడు. వెనక నేనూ చౌడమ్మా. ముందు వాళ్లిద్దరూ ఒకే సీటు మీద, ఒకరి భుజం ఒకరికి తగలకుండా ఉండాలని చూస్తూ, ప్రతి గుంతకూ తగులుకుంటూ. మాట్లాడింది తక్కువ. వాయిదా ఎప్పుడని వీడు అడిగాడు. వాడు చెప్పాడు. స్టాండు నుంచి నేనే తీసుకొస్తా, ఫోన్ చెయ్యి అన్నాడు వీడు. చూస్తాంలే అన్నాడు వాడు.

చౌడమ్మ చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. దారంతా నేను దాన్నే చూస్తున్నాను. అందులో చీరలున్నాయేమోనని. అడిగే ధైర్యం లేదు. బస్సు వచ్చి ఆగింది. ఆమె సంచి తెరిచి కారం డబ్బా, రాగి పిండి పొట్లం తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వు గూడా రారాదా అమా," అన్నాడు జోయల్, మెట్టు మీద నిలబడి.

"కలుపెవురు తీస్తారు?"

"కలుపైనాంక?"

"కాయ పెరికేదెవురు? పో, డ్రైవరు అరుస్తాండాడు."

బస్సు కదిలింది. కిటికీలోంచి వాడి చెయ్యి కనిపించినంత దూరం కనిపించి, ఆ తరవాత దుమ్ము మిగిలింది. సురేంద్ర ఆటో తిప్పుకోవడానికి పోయాడు. పోయిన బస్సు వెనక రోడ్డు పక్కన ఎప్పుడూ ఒక్కదాన్నే నిలబడ్డ మనిషిని నేను. ఖాళీగా ఉండే ఆ పక్కచోటు వైపు చూశాను. అక్కడ చౌడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, తన ఖాళీ సంచిని నాలుగు మడతలు పెడుతోంది.

"పా అక్కా," అంది. "మొలకలు నెమళ్లకు వదిలేసి వచ్చినాం."